పాత పాట, రాక్ బ్యాండ్, పక్కన పెద్ద మాస్టారు: కవర్ చేయడం ఎలా?

ఈ మధ్య ఏ ప్రోగ్రాంకి వెళ్లినా కుర్ర బ్యాండ్ల నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, పాత సినిమా పాట ఒకటి చేద్దామనుకుంటున్నాం. పెద్ద వయొలిన్ మాస్టారు ఒకాయన ఒప్పుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందు మేం చేసిన పొరపాటు చెప్తాను. మొదటిసారి ట్రాక్ అంతా తయారుచేసేసి, మధ్యలో పదహారు బార్లు ఖాళీ వదిలి మాస్టారిని పిలిచాం. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విని, "సాహిత్యం ఏదయ్యా ఇందులో?" అన్నారు. మేమింకా పాట పాడించనేలేదు. సరే, ఊరికే వాయించమన్నాం. వాయించిన ప్రతిసారీ ఆయన గాంధారం (గ స్వరం) మా జి కార్డ్ మీద ముల్లులా గుచ్చుకుంది. మూడు గంటల స్టూడియో అద్దె కట్టి, ఒక్క ముక్క కూడా వాడుకోలేకపోయాం. తప్పు ఆయనది కాదు. ఆయన రాగంలో ఉన్నారు, మేం లేం.

అందుకే ఇక్కడ చెప్పే వరస మామూలు బ్యాండ్ రికార్డింగ్‌కి తలకిందులుగా ఉంటుంది. మాస్టారు ముందు, బ్యాండ్ తర్వాత. ఉదాహరణకు మాయాబజార్ (1957)లోని "లాహిరి లాహిరి"ని తీసుకుంటాను. అది మోహన రాగం మీద కట్టిన పాట, గిటార్ పట్టుకున్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. వాద్యం వయొలిన్ అనుకుందాం. వీణ, నాదస్వరం అయితే మారేవి అక్కడక్కడ చెప్తాను.

1. పాట ఎంచుకోవడం

మీకు నచ్చిన పాట కాదు, మాస్టారి చేతిలో ఉన్న పాట ఎంచుకోండి. ఆయన కళ్లు మూసుకుని వాయించగల పాటలు మూడు అడగండి. వాటిలోంచి బ్యాండ్‌కి కుదిరేది ఒకటి తీసుకోండి.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి:

- పల్లవి ఒక్క గిటార్ మీద పాడినా నిలబడుతోందా?
- మీ గాయకుడు హైపిచ్ చరణం ఆ శ్రుతిలో అరవకుండా పాడగలడా?
- రాగం మధ్యలో మారుతోందా? రాగమాలికలు మొదటిసారికి వద్దు.
- ఇంటర్లూడ్‌లో (పాట మధ్య వాద్య సంగీతంలో) జనానికి నోటికొచ్చిన బిట్ ఉందా? ఉంటే దాన్ని మార్చకండి, మాస్టారికే ఇవ్వండి.

చివరి మాట ఎందుకంటే, మన వాళ్లకి పల్లవి ఎంత గుర్తో, దాని ముందొచ్చే నాలుగు సెకన్ల బిట్ కూడా అంతే గుర్తు. అక్కడ డ్రాప్ (సంగీతం ఆపి బీట్‌ని ఒక్కసారిగా వదలడం) పెడితే మొహం మాడ్చుకుంటారు.

2. హక్కుల పని, మొదటి వారంలోనే

అందరూ చివరికి నెట్టేసేది ఇదే. పాట రికార్డయ్యాక అనుమతి రాకపోతే ఆ పని మీ ఫోన్‌లోనే ఉండిపోతుంది.

"పాత పాటే కదా, హక్కులు అయిపోయాయి" అంటారు. సగమే నిజం. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. కానీ సాహిత్యానికీ, బాణీకీ రచయిత, స్వరకర్త పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. మన ఉదాహరణలో సాహిత్యం పింగళి నాగేంద్రరావుది, ఆయన 1971లో పోయారు. అంటే సాహిత్యం హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావు 1999లో పోయారు, అది 2059 దాకా. కవర్ చేసేవాడు, అంటే పాత పాటని కొత్తగా పాడి వాయించేవాడు, పాత రికార్డింగ్ వాడడు, సాహిత్యం, బాణీ వాడతాడు. కాబట్టి మీకు తగిలేవి ఈ రెండే.

కాపీరైట్ చట్టం, 1957లో కవర్ వెర్షన్ల కోసం 31సి అనే సెక్షన్ ఉంది, 2012 సవరణతో వచ్చింది. దాని షరతులు క్లుప్తంగా:

- మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి.
- హక్కుదారుకి ముందే నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన.
- అట్ట మీద పాత గాయకుల పేర్లు, బొమ్మలు, సినిమా పేరు పెట్టకూడదు. ఇది కవర్ వెర్షన్ అని రాయాలి.
- సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప సాహిత్యాన్నీ బాణీనీ మార్చకూడదు.

ఆ ఆఖరి షరతు చదివాక నా అభిప్రాయం: రాక్ బ్యాండ్‌కి ఈ దారి పెద్దగా అక్కరకు రాదు. మధ్యలో ర్యాప్ పెట్టినా, చరణం కత్తిరించినా చిక్కే. ఏమేం మారుస్తున్నారో రాసి, హక్కున్న మ్యూజిక్ కంపెనీ నుంచి నేరుగా లైసెన్స్ తీసుకోవడం మేలు. వీడియో చేస్తుంటే దానికి విడిగా అనుమతి అడగండి, ఆడియో లైసెన్స్‌లో అది రాదు. ప్రోగ్రాంలో పాడడానికి సంగతి వేరు. అక్కడ ఐపీఆర్ఎస్ (రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) లైసెన్స్ తీసుకోవాల్సింది మామూలుగా నిర్వాహకులు. తీసుకున్నారా అని మెసేజ్‌లో అడిగి ఉంచుకోండి.

యూట్యూబ్‌లో క్లెయిమ్ వస్తే టెన్షన్ పడకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే చాలాసార్లు ఆదాయం హక్కుదారుకి వెళ్తుందంతే. స్ట్రైక్ అంటే వీడియో తీసేసినట్టు. పెద్ద డబ్బు ఇమిడి ఉంటే సంతకం పెట్టేముందు ఒక లాయర్‌కి చూపించండి.

3. మాస్టారి దగ్గరికి వెళ్లడం

ఫోన్‌లో తేల్చకండి. ఇంటికి వెళ్లండి, ఇద్దరే వెళ్లండి. గాయకుడు, అరేంజ్‌మెంట్ చూసేవాడు. ఐదుగురు వెళితే అది పరామర్శలా ఉంటుంది.

మొదటి మాటల్లోనే తేల్చాల్సినవి: పారితోషికం ఎంత, ఎన్ని రోజులు, రానూపోనూ బండి ఎవరిది, పేరు ఎక్కడ ఎలా వేస్తారు. "మాస్టారూ, మీరేమనుకుంటే అదే" అని డబ్బు విషయం వదిలేయకండి. ఆయన మొహమాటపడి తక్కువ చెప్తారు, తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. మీరే ఒక అంకె చెప్పండి. రికార్డింగ్ అయిన రోజే చేతిలో పెట్టండి.

వాయించినవారికి కూడా చట్టంలో హక్కులున్నాయి. 38 నుంచి 38బి వరకు ఉన్న సెక్షన్లు వాటి గురించే. ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాయించండి: ఏ పాట, ఎక్కడెక్కడ వాడతారు, రాయల్టీ వస్తే ఆయన వాటా ఎంత. చదివి వినిపించి సంతకం తీసుకోండి.

వెళ్లిన రోజు చేయాల్సిన అసలు పని: ఆయన్ని మామూలుగా, తంబూరా మీద, మీరు పాడుతుండగా వాయించమని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. క్లిక్ (హెడ్‌ఫోన్స్‌లో టిక్ టిక్‌మనే తాళం) వద్దు, కార్డ్‌లు వద్దు. ఈ రికార్డింగే మీ అరేంజ్‌మెంట్‌కి పునాది.

4. శ్రుతి కుదుర్చుకోవడం

మీరు "ఏ కీ?" అంటారు, ఆయన "ఎంత శ్రుతి?" అంటారు. ఈ లెక్క గోడకి అంటించుకోండి: 1 శ్రుతి అంటే సి, 1½ సి షార్ప్, 2 డి, 2½ డి షార్ప్, 3 ఇ, 4 ఎఫ్, 4½ ఎఫ్ షార్ప్, 5 జి, 5½ జి షార్ప్, 6 ఏ, 6½ ఏ షార్ప్, 7 బి.

పాత రికార్డు విని కీ పట్టుకుంటే మోసపోతారు. టేపు నుంచి, రికార్డు నుంచి ఎక్కించేటప్పుడు వేగం కాస్త అటూఇటూ అయితే శ్రుతి కూడా జరుగుతుంది. ట్యూనర్‌లో ఏ కీకీ చెందకుండా మధ్యలో చూపించే పాత పాటలు బోలెడు. కాబట్టి శ్రుతి మాస్టారు, గాయకుడు కలిసి తేలుస్తారు. గిటార్ వాళ్లు దానికి సర్దుకోవాలి.

కర్ణాటక పద్ధతిలో వయొలిన్ తీగలు స-ప-స-ప మీద ఉంటాయి. సినిమా సెషన్‌లలో వాయించినవారిలో చాలామందికి పాశ్చాత్య శ్రుతి కూడా చేతిలో ఉంటుంది. ఏది వాడతారో ముందే అడగండి, స్టూడియోలో అప్పటికప్పుడు మార్చితే తీగలు నిలబడడానికి సమయం పడుతుంది. మృదంగం ఉంటే మరీ జాగ్రత్త. దాని శ్రుతి కొంతే మారుతుంది, ఎక్కువ మార్చాలంటే ఇంకో మృదంగమే తేవాలి.

రెండు శ్రుతి (డి) దొరికితే గిటార్‌కి పండగే. కింది లావు తీగను డ్రాప్ డి చేస్తే (ఇ నుంచి డికి దించితే) అడుగున మూడు తీగలూ డి-ఏ-డి, అంటే స-ప-స. ఖాళీగా మీటితే తంబూరాలా మోగుతుంది. రెండున్నర అయితే మొదటి ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నీ ఒకేసారి నొక్కే క్లిప్పు). ఒకటిన్నర అయితే ఆరు తీగలూ అర మెట్టు దించి, కింది తీగ మరో మెట్టు దించండి.

5. కార్డ్‌లు: పాట బతికేదీ చచ్చేదీ ఇక్కడే

ఇది నెమ్మదిగా చదవండి.

మోహనలో స్వరాలు ఐదే: స రి గ ప ద. షడ్జం (స) డి అనుకుంటే డి, ఇ, ఎఫ్ షార్ప్, ఏ, బి. రాక్ గిటారిస్టులు రోజూ వాయించే మేజర్ పెంటటానిక్ ఇదే. "అయితే మనకి తెలిసిందేగా" అని సంబరపడి, అలవాటు కొద్దీ డి-జి-ఏ కార్డ్‌లు వేసేస్తారు. మేం బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

జి మేజర్‌లో జి ఉంది. అది మధ్యమం (మ), మోహనలో లేదు. ఏ మేజర్‌లో సి షార్ప్ ఉంది. అది నిషాదం (ని), అదీ లేదు. మాస్టారు ఎఫ్ షార్ప్ మీద గాంధారం ఊపుతుంటే కింద మీ గిటార్ జి అంటుంది. రెండూ అర మెట్టు దూరంలో గొడవపడతాయి. డిస్టార్షన్ ఉంటే ఆ గొడవ పదింతలు.

రాగంలో ఇమిడే కార్డ్‌లు ఇవి:

- డి మేజర్ (స గ ప)
- డి సిక్స్త్ (స గ ప ద)
- బి మైనర్, బి మైనర్ సెవెన్త్ (ద స గ, పైన ప)
- ఏ సస్ టూ (ప ద రి)
- ఇ సస్ ఫోర్ (రి ప ద)

పవర్ కార్డ్‌లు (మూల స్వరం, దాని ఐదో స్వరం మాత్రమే ఉండేవి) వాడితే ఇంకా తేలిక. డి, ఇ, ఏ, బి పవర్ కార్డ్‌లు నాలుగూ రాగంలోనే ఉంటాయి. ఎఫ్ షార్ప్ పవర్ కార్డ్ మాత్రం వద్దు, దాని ఐదో స్వరం సి షార్ప్. బి తప్ప మిగతా మూడు పవర్ కార్డ్‌ల్లో గాంధారం ఉండదు కాబట్టి ఆ చోటు మాస్టారి గమకానికి (స్వరాన్ని ఊపి పలికించడానికి) ఖాళీగా దొరుకుతుంది. హెవీగా వినిపించాలనుకునే బ్యాండ్‌కీ, రాగం కాపాడాలనుకునే మాస్టారికీ ఇద్దరికీ నచ్చే రాజీ ఇదే.

నాలుగే కార్డ్‌లతో బోర్ కొడుతుందనే భయం వద్దు. బాస్‌ని కదిలించండి. పైన డి మేజర్ అలాగే ఉంచి, కింద బాస్ డి, బి, ఏ, ఇ మీదికి నడిస్తే వినేవాళ్లకి కార్డ్ మారినట్టే ఉంటుంది. రాగం చెక్కుచెదరదు.

మరి బయటి స్వరం ఎప్పుడూ వేయకూడదా? వేయొచ్చు, మాస్టారు ఆగిన చోట. గిటార్ సోలోలో, చరణానికి ముందు రెండు బార్లలో వేయండి. వేసేముందు ఆయనకి వినిపించండి. పాత సినిమా పాటల్లోనూ అన్యస్వరాలు మెరుస్తుంటాయి, ఆయనకి అది కొత్త కాదు. చెప్పకుండా కింద నుంచి లాగడమే చికాకు.

గమకం గురించి ఒక్క మాట. మాస్టారు వాయించే లైన్‌నే గిటార్‌లో కలిపి వాయించకండి. ఆయన స్వరం నిలబడదు, ఊగుతుంది. మీది ఫ్రెట్ మీద మేకు కొట్టినట్టు ఉంటుంది. రెండూ కలిస్తే ఎవరో శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. తప్పనిసరి అయితే మొదటి స్వరం, చివరి స్వరం మాత్రం పట్టుకుని మధ్యలో వదిలేయండి. స్లైడ్ బాగా వచ్చినవాళ్లు ప్రయత్నించవచ్చు. బెండ్‌తో గమకం పలికించాలంటే చాలా సాధన కావాలి, ఊరికే కుదరదు.

6. తాళం, టెంపో

డ్రమ్మర్ చేతిలో కర్రలు లేకుండా మొదటి వారం గడవాలి. మాస్టారి ఫోన్ రికార్డింగ్ పెట్టి, అందరూ నేల మీద కూర్చుని చేత్తో తాళం వేయండి. పల్లవి ఎక్కడ ఎత్తుకుంటుందో గమనించండి. సమం (తాళం మొదటి దెబ్బ) మీదా, దాటాకా? ఈ ఎత్తుగడ తప్పుగా పట్టుకుని మొదటి అక్షరం మీద కిక్ వేస్తే, పాట మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది.

పాత తరం సినిమా సంగీతంలో అందరూ ఒకే హాల్లో కూర్చుని, గాయకులతో కలిసి ఒకే టేక్‌లో వాయించేవారు. ఒకరి ఊపిరి ఇంకొకరికి టెంపో. చెవిలో టిక్ టిక్ పెడితే అలాంటి చేయి బిగుసుకుపోతుంది. అందుకే క్లిక్‌ని ఆయన మీద రుద్దకండి, ఆయన్నుంచి క్లిక్ తయారుచేయండి:

1. ఆ ఫోన్ రికార్డింగ్‌ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి.
2. ప్రతి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదటి దెబ్బ మీద గుర్తు పెట్టండి.
3. ఆ గుర్తుల ప్రకారం టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగమో చూపే పటం) గీయించండి.
4. రెండు మూడు బీపీఎం (నిమిషానికి దెబ్బలు) తేడాలు అలాగే ఉంచండి. చరణంలో కాస్త నిదానించడం, పల్లవికి తిరిగొస్తూ కాస్త ముందుకెళ్లడం తప్పులు కావు.
5. పదికి మించి తేడా ఉంటే ఆయనతో మాట్లాడి తేల్చుకోండి.

డ్రమ్మర్ ఈ మ్యాప్ మీద ప్రాక్టీస్ చేయాలి. మొదట తిట్టుకుంటాడు. వారం తర్వాత అలవాటవుతుంది.

7. రిహార్సల్

బ్యాండ్ ఒక్కటే నాలుగైదు సార్లు, మాస్టారితో రెండుసార్లు చాలు. పెద్దాయన్ని మీ గందరగోళానికి సాక్షిని చేయకండి. ఆయన వచ్చేసరికి మీకు పాట నోటికి వచ్చి ఉండాలి.

గాయకుడికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉచ్చారణ. రాక్ గొంతులో ళ కాస్తా ల అవుతుంది, ణ కాస్తా న అవుతుంది, శ, ష, స మూడూ ఒకటైపోతాయి. సాహిత్యం పెద్ద అక్షరాలతో రాసి, ఊపిరి తీసుకునే చోట గీత గీయండి. పదం మధ్యలో ఊపిరి తీసుకుంటే అర్థం రెండు ముక్కలవుతుంది. మాస్టారు అన్నీ ఓర్చుకుంటారు గానీ ఇది ఓర్చుకోరు. ఒక సాయంత్రం ఆయన ముందు సంగీతం లేకుండా సాహిత్యం చదివించండి, దిద్దుతారు.

శబ్దం సంగతి కూడా ఇక్కడే. చిన్న గదిలో డ్రమ్స్ సులువుగా 100 డెసిబెల్స్ దాటుతాయి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు క్షేమం అనుకుంటే, 100 దగ్గర 15 నిమిషాలే అని చెవి ఆరోగ్యం లెక్కలు. మాస్టారితో చేసే రిహార్సల్‌లో డ్రమ్మర్ బ్రష్‌లు గానీ, కహోన్ (మీద కూర్చుని చేత్తో వాయించే పెట్టె) గానీ వాడాలి. ఆంప్‌లు మూడో నంబర్ దాటకూడదు.

8. రికార్డింగ్ రోజు

వరస ఇది. మార్చకండి.

1. గైడ్ ట్రాక్: తంబూరా, ఒక అకౌస్టిక్ గిటార్, మెత్తటి తాళం. టెంపో మ్యాప్ మీద.
2. మాస్టారు, గాయకుడు కలిసి, అద్దానికి అటొకరు ఇటొకరు. ఒకరికొకరు కనిపించాలి.
3. బాస్, డ్రమ్స్.
4. ఎలక్ట్రిక్ గిటార్లు.
5. గాయకుడి మిగతా టేకులు, కోరస్.

రెండో మెట్టు గురించి కాస్త. ఖాళీ ట్రాక్ మీద వాయించమంటే మాస్టారు కొలత ప్రకారం వాయిస్తారు. ఎదురుగా మనిషి పాడుతుంటే ఆ మాటకి జవాబు చెప్తారు. ఆయన మమ్మల్ని "సాహిత్యం ఏదయ్యా" అని అడిగింది దీని కోసమే. రెండోసారి ఇలా కూర్చోబెట్టినప్పుడు గాయకుడు ఒక సంగతి (అదే లైన్‌ని కొత్త మలుపుతో పాడడం) వేస్తే, ఆయన దాన్ని అందుకుని మరో రెండు వేశారు. ఆ ముక్కే పాటలో అందరూ గుర్తుపెట్టుకున్నది.

ఆయన రాకముందు సిద్ధంగా ఉండాల్సినవి:

- కర్ణాటక పద్ధతిలో నేల మీద కూర్చుంటారు, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది. చాప, దుప్పటి, వెనక ఆనుకోవడానికి దిండు. కుర్చీయే కావాలంటే చేతులు లేని కుర్చీ.
- మైక్ పైనుంచి, వాద్యానికి సుమారు అడుగున్నర, రెండు అడుగుల దూరంలో. దగ్గర పెడితే కమాను గీరే చప్పుడే వస్తుంది.
- ఏసీ గాలి నేరుగా వాద్యం మీద పడకూడదు, శ్రుతి జారుతుంది.
- హెడ్‌ఫోన్స్ ఒక చెవికి చాలంటే అలాగే. తంబూరా, పాట ఎక్కువ, తాళం తక్కువ.
- గోరువెచ్చటి నీళ్లు, టిఫిన్ వేళ, మందుల వేళ. మధ్యాహ్నం రెండు తర్వాత పెట్టకండి.
- 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. రికార్డ్ బటన్ ఆయన శ్రుతి చేసుకునేటప్పుడే నొక్కేయండి.

మూడు పూర్తి టేకులు చాలు. పాత తరం వారికి పాట మొదటి నుంచి చివరిదాకా వాయించడమే అలవాటు. "ఆ రెండు బార్లు మళ్లీ" అని పదిసార్లు ఆపితే ఊపు పోతుంది. తప్పు పడితే చరణం మొత్తం మళ్లీ తీసుకోండి. "బాలేదు" అనే మాట వాడకండి. "మాస్టారూ, ఇంకొకటి తీసుకుందామా, మా వాడు తడబడ్డాడు" అంటే సరిపోతుంది, అబద్ధమైనా.

ఆయన వాయించినదాన్ని పిచ్ కరెక్షన్‌లో పెట్టకండి. గమకాన్ని అది తప్పు అనుకుని సాపు చేసేస్తుంది.

9. మిక్స్

గిటార్లు రెండూ ఎడమ కుడి చివరలకి నెట్టండి, వయొలిన్, గాయకుడు మధ్యలో. వయొలిన్ వాయిస్తున్నంతసేపు గిటార్లలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. వయొలిన్ పెంచడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది. రివర్బ్ తక్కువ. గుడిలో వాయించినట్టు చేయకండి.

యూట్యూబ్, స్పాటిఫై లాంటివి శబ్దాన్ని సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకి సర్దుతాయి. అంతకన్నా బాదితే ఒరిగేదేమీ లేదు, కమాను ఎత్తుపల్లాలు చచ్చిపోతాయి.

10. స్టేజీ మీద

- సౌండ్ చెక్ మొదట ఆయనది, ఆ తర్వాతే డ్రమ్స్. మీ పాట వేళకి పావుగంట ముందు పిలవండి, గంటలు కూర్చోబెట్టకండి.
- వయొలిన్‌కి క్లిప్ మైక్. వీణకి పికప్ లేకపోతే రాక్ స్టేజీ మీద వినిపించదు, ఫీడ్‌బ్యాక్ కూడా త్వరగా వస్తుంది. నాదస్వరానికి ఆ బాధ లేదు, అదే మిమ్మల్ని ముంచేస్తుంది.
- ఆయన్ని తాళాలకి (సింబల్స్) దూరంగా, గాయకుడి పక్కన కూర్చోబెట్టండి. వేదిక కాస్త ఎత్తుగా ఉండాలి.
- మెట్లకి పట్టుకునే ఆసరా ఉందో లేదో పొద్దున్నే వెళ్లి చూడండి.
- ఆయన పొడిగించాలనుకుంటే బ్యాండ్ ఏం చేయాలో ముందే ఒప్పుకోండి. డి మీద ఆగి తిరగడం, ఆయన తల ఊపగానే పల్లవికి రావడం.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*"వయొలిన్ బాగుంది గానీ పాటకి అతికించినట్టుంది."* ఆయన్ని ఒక్క సోలోలోనే పెట్టారు. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు గాయకుడి వాక్యాల మధ్య చిన్న జవాబులు ఇప్పించండి. రికార్డింగ్ అయిపోయి ఉంటే, మీ దగ్గరున్న మూడు టేకుల్లో అలాంటి ముక్కలు తప్పక ఉంటాయి, వెతకండి.

*"శ్రుతి సరిగానే ఉంది, అయినా ఏదో తేడా."* కార్డ్‌ల్లో బయటి స్వరం ఉంది. గిటార్లు మ్యూట్ చేసి తంబూరాతో వినండి. బాగుంటే నేరం గిటార్‌దే. ఆ కార్డ్ తీసి పవర్ కార్డ్ వేయండి. అప్పటికీ కుదరకపోతే కీబోర్డ్ ప్యాడ్ చూడండి, అది ఎవరికీ కనబడకుండా నిషాదం పట్టుకుని కూర్చుంటుంది.

*"డ్రమ్స్ వచ్చాక వయొలిన్ వెనకబడినట్టుంది."* డ్రమ్మర్ టెంపో మ్యాప్‌ని సరళం చేసేసి ఉంటాడు. డ్రమ్స్ మళ్లీ తీయండి. వయొలిన్‌ని ముందుకు జరపకండి.

*"మాస్టారు ప్రతిసారీ వేరేలా వాయిస్తున్నారు."* వాయిస్తారు. మార్చకూడని రెండు చోట్లు, అంటే తెలిసిన బిట్‌కీ, ముగింపుకీ స్వరాలు రాసి ఇవ్వండి. మిగతాది ఆయన ఇష్టం.

12. విడుదలకి ముందు

- లైసెన్స్ కాగితం, మాస్టారి ఒప్పందం ఒకే ఫోల్డర్‌లో పెట్టారా?
- సాహిత్యం, స్వరకర్త పేర్లు వివరణలో తప్పుల్లేకుండా ఉన్నాయా? లైసెన్స్ ఏ పేర్లు వేయనిస్తుందో చూసుకున్నారా?
- మాస్టారి పేరు బ్యాండ్ పేరు పక్కనే, అదే సైజులో ఉందా? ఇంటిపేరు ఆయన రాసుకునేలాగే రాశారా?
- మాస్టారికి ఇవ్వాల్సిన డబ్బంతా ముట్టిందా?
- ఫైనల్ మిక్స్ ఆయన విన్నారా?

ఆఖరిది లింక్ పంపి వదిలేసేది కాదు. ఒక మంచి స్పీకర్ పట్టుకుని ఇంటికి వెళ్లి వినిపించండి. ఆయన ఒక చోట మొహం చిట్లిస్తారు. ఎక్కడో నిమిషం, సెకను రాసుకోండి. ఆ ఒక్కటి సరిచేశాకే అప్‌లోడ్ చేయండి.